ఎడిటర్ మారినా క్యూ మారదు: నగర పరిశోధన జర్నల్ చేతులు మారేటప్పుడు

జర్నల్‌కి కొత్త ఎడిటర్ వచ్చారని పాఠకులకు తెలిసేది సంచిక మొదట్లో కనిపించే సంపాదకీయంతో. పేద దేశాల నగరాలకు పెద్దపీట వేస్తామని, కొత్తతరం పరిశోధకులకు చోటిస్తామని, సమీక్ష త్వరగా పూర్తిచేస్తామని అందులో ఉంటుంది. ఏ జర్నల్ తిరగేసినా దాదాపు ఇవే హామీలు. వాటిలో ఎన్ని నిలబడతాయో తేల్చేది మాత్రం, ఆ సంపాదకీయం అచ్చయ్యే నాటికే సబ్మిషన్ సిస్టమ్‌లో పేరుకుపోయి ఉన్న పేపర్ల వరుస. పాత ఎడిటర్ ఒప్పుకున్న పనులు తీర్చడంతోనే కొత్తవారికి తొలి ఏడాది గడిచిపోతుంది.

2026 జనవరిలో బాధ్యత తీసుకున్నారనుకుందాం. ఆ నెలలో వచ్చిన పేపర్‌కి చదివి మంచిచెడులు చెప్పే రివ్యూయర్లు దొరికి, నివేదికలు అంది, రచయిత సవరించి పంపి, రెండో విడత సమీక్ష కూడా అయ్యేసరికి పది నుంచి పద్నాలుగు నెలలు పట్టడం ఈ రంగంలో మామూలే. అంటే కొత్త ఎడిటర్ చేతుల్లో మొదలై ముగిసిన తొలి పేపర్లు 2027లో గానీ బయటికి రావు. జర్నల్ ప్రభావానికి కొలతగా చూసే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ సంగతి ఇంకా దూరం. అంతకు ముందు రెండేళ్లలో అచ్చయిన పేపర్లను ఈ ఏడాది ఎన్నిసార్లు ఉదహరించారో లెక్కపెట్టి, ఆ పేపర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. 2028 జూన్‌లో వెలువడే 2027 అంకె తూచేది 2025, 2026 పేపర్లను. 2029 జూన్‌లో వచ్చే అంకెలో కూడా సగం 2026వే. మూడేళ్ల పదవీకాలం 2028 డిసెంబర్‌తో ముగిస్తే, తన నిర్ణయాలు సగమైనా కలిసిన అంకె వెలువడే నాటికి ఆ కుర్చీలో ఇంకొకరు ఉంటారు. అందుకే కొత్త ఎడిటర్ వచ్చిన ఏడాదిలోనే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పెరిగిందన్న పొగడ్త, పడిపోయిందన్న నింద రెండూ చాలావరకు తప్పు చిరునామాకి చేరిన ఉత్తరాలు.

పేరు ఎవరి సొత్తు?

పేపర్లు తెరవక ముందే చదవాల్సింది ఒప్పందపత్రం. నగర పరిశోధన జర్నళ్ల యాజమాన్యాలు ఒక్క తీరుగా లేవు. 1964లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో మొదలైన ‘అర్బన్ స్టడీస్’ను ప్రచురించేది సేజ్ సంస్థ. జర్నల్ రాబడిలో కొంత అర్బన్ స్టడీస్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ ద్వారా పరిశోధకుల ఫెలోషిప్పులకు వెళుతుంది. 1977లో మొదలైన ‘ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ అర్బన్ అండ్ రీజనల్ రీసెర్చ్’ వెనకా అలాంటి ఫౌండేషనే ఉంది. ‘ఎన్విరాన్‌మెంట్ అండ్ అర్బనైజేషన్’ను లండన్‌లోని పర్యావరణ, అభివృద్ధి పరిశోధన సంస్థ ఐఐఈడీ 1989 నుంచి నడుపుతోంది. మన దేశంలో ‘అర్బన్ ఇండియా’ ఢిల్లీలోని జాతీయ నగర వ్యవహారాల సంస్థది, ‘నగర్‌లోక్’ భారత ప్రజా పాలనా సంస్థ ఐఐపీఏది. ఇవి కాక, పేరుతో సహా పూర్తిగా ప్రచురణ కంపెనీ చేతిలో ఉండే జర్నళ్లు చాలానే ఉన్నాయి.

ఈ తేడా గొడవ వచ్చినప్పుడే తెలిసొస్తుంది. 2023లో ‘న్యూరోఇమేజ్’ జర్నల్‌లో రచయితలు కట్టాల్సిన రుసుము ఎక్కువైందంటూ నలభై మందికి పైగా ఎడిటర్లు మూకుమ్మడిగా రాజీనామా చేశారు. వేరే ప్రచురణకర్తతో కొత్త జర్నల్ పెట్టుకున్నారు, కానీ పాత పేరు దాని ప్రచురణ సంస్థ ఎల్సెవియర్ దగ్గరే ఉండిపోయింది. ఏళ్ల తరబడి సంపాదించిన పేరుప్రతిష్ఠ ఎడిటర్లతో వెళ్లదు, టైటిల్‌తో ఉంటుంది. నగర వ్యవహారాల మీద ప్రత్యేక సమీక్షా పేజీలు వేసే ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’ ‘సమీక్ష’ అనే ట్రస్ట్‌ది. 2017లో ఒక వ్యాసం మీద కార్పొరేట్ సంస్థ నుంచి లీగల్ నోటీసు వచ్చాక దాన్ని వెబ్‌సైట్ నుంచి తీసేయాలని ట్రస్ట్ చెప్పడం, ఎడిటర్ రాజీనామా చేయడం అందరికీ తెలిసినవే. భూములు, బిల్డర్లు, మాస్టర్‌ప్లాన్ సవరణల మీద పేపర్లు వేసే జర్నల్‌కి అలాంటి నోటీసు ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. నోటీసు వస్తే జవాబిచ్చేది ఎవరు, వకీలు ఫీజు కట్టేది ఎవరు, పేపర్ తీసేయమనే అధికారం ఎవరిది అన్న మూడింటికీ ఒప్పందంలో జవాబు లేకపోతే సంతకం పెట్టే ముందే రాయించుకోవాలి. పదవీకాలం, ఏడాదికి పేజీల కోటా, ఆఫీసు సహాయకుల జీతం, తొలగించాలంటే ఎన్ని నెలల నోటీసు అన్నవి ఎలాగూ అడుగుతారు. అడగడం మరిచిపోయేది ఇంకొకటుంది: రివ్యూయర్ల డేటాబేస్ ఎవరిది? పదేళ్లపాటు ఎవరు ఏ అంశం మీద, ఎంత శ్రద్ధగా రివ్యూ చేశారన్న వివరం అందులో ఉంటుంది. ప్రచురణకర్త మారితే అది చేతికి రాకపోవచ్చు.

వరుసను లెక్కపెట్టడం

పాత, కొత్త ఎడిటర్లు మూడు నుంచి ఆరు నెలలు కలిసి పనిచేస్తే అప్పగింత సాఫీగా సాగుతుంది. ఆ వ్యవధిలో పేపర్లన్నిటినీ ఐదు కుప్పలుగా విడగొట్టాలి. ఇంకా ఎవరూ తెరవనివి, రివ్యూయర్ల కోసం ఆగినవి, రివ్యూలో ఉన్నవి, సవరణకు రచయిత దగ్గరికి వెళ్లినవి, ఒప్పుకున్నా ఇంకా సంచిక కేటాయించనివి. ఆరో కుప్ప సిస్టమ్‌లో కనిపించదు. అది ఈమెయిళ్లలో, సదస్సుల్లో కాఫీ దగ్గర పాత ఎడిటర్ ఇచ్చిన మాటల్లో ఉంటుంది. ‘మీ వర్క్‌షాప్ పేపర్లన్నీ ప్రత్యేక సంచికగా వేద్దాం’ అన్న ఒక్క వాక్యం ఎనిమిది పేపర్ల చోటు మింగేస్తుంది. అందుకే ఇలాంటి హామీలన్నీ రాతపూర్వకంగా ఒక్క పేజీలో పెట్టించుకోవాలి. ఆ పేజీలో లేనిది కొత్త ఎడిటర్‌ని కట్టిపడేయదని పాతవారితోనే చెప్పించాలి.

ఐదో కుప్పే అసలు మెలిక. ఏడాదికి ఆరు సంచికలు, సంచికకు పది పేపర్లు వేసే జర్నల్‌ని ఊహించుకోండి. ఏడాదికి 60. ఒప్పుకుని ఆగినవి 75 ఉంటే, కొత్తగా ఒక్కటీ ఒప్పుకోకపోయినా పదిహేను నెలలకి సరిపడా సరుకు ముందే ఉన్నట్టు. ఏటా 500 సబ్మిషన్లు వస్తూ వాటిలో 15 శాతం ఒప్పుకుంటుంటే కొత్తగా చేరేవి 75, అచ్చయ్యేవి 60. ఏడాది తిరిగేసరికి వరుస 90కి చేరుతుంది, నిరీక్షణ పద్దెనిమిది నెలలవుతుంది. ఎవరూ తప్పు చేయకపోయినా క్యూ పెరుగుతూనే ఉంటుంది. ఆన్‌లైన్‌లో ముందే పెట్టేస్తున్నాం కదా అని సర్దిచెప్పుకోవచ్చు గానీ, సంచిక నంబరు, పేజీ నంబరు ఉంటేనే పదోన్నతికి లెక్కలోకి తీసుకునే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. అక్కడి రచయితలకు ఆ మాట ఊరట కాదు.

దీనికి మందు ఒక్కసారికి పేజీల కోటా పెంచమని ప్రచురణకర్తను అడగడం, ఏడాదిపాటు కొత్త ప్రత్యేక సంచికలు ఆపేయడం, గుమ్మం దగ్గరే, అంటే రివ్యూకి పంపక ముందే గట్టిగా వడకట్టడం. పాత ఎడిటర్ ఒప్పుకున్న పేపర్లను వెనక్కి తిప్పడం మాత్రం చేయకూడని పని. ప్రచురణ నైతికత మీద మార్గదర్శకాలిచ్చే కోప్ సంస్థ కూడా పాత ఎడిటర్ అంగీకారాన్ని, తీవ్రమైన లోపం బయటపడితే తప్ప, కొత్త ఎడిటర్ రద్దు చేయరాదనే అంటుంది. నాలుగో కుప్పకీ ఇదే న్యాయం వర్తించాలి. ‘ఈ నాలుగు మార్పులు చేస్తే మళ్లీ చూస్తాం’ అన్న ఉత్తరం జర్నల్ ఇచ్చిన మాట. రచయిత ఆరు నెలలు కూర్చుని ఆ నాలుగూ చేసి పంపాక, కొత్త ఎడిటర్ దాన్ని బొత్తిగా కొత్త రివ్యూయర్లకిచ్చి ఐదో లోపం వెతికించడం తరచుగా జరిగే అన్యాయం. పాత రివ్యూయర్లలో ఒక్కరైనా ఉండాలి. ఎవరూ దొరక్కపోతే, అడిగిన మార్పులు జరిగాయా లేదా అన్నంతవరకే ఎడిటర్ చూసి తేల్చాలి.

రివ్యూయర్ల లెక్క ఇంకా కఠినం. 500లో 55 శాతం గుమ్మం దగ్గరే ఆగితే రివ్యూకి వెళ్లేవి 225. ఒక్కోదానికి రెండు నివేదికలంటే 450. ముగ్గురిని అడిగితే ఒక్కరు ఒప్పుకుంటారనుకుంటే 1,350 ఆహ్వానాలు. వారానికి 26 అన్నమాట, అదీ తొలి విడతకే. అందుకే గుమ్మం దగ్గర తిరస్కరణను కొందరు అహంకారంగా చూసినా, అది నిజానికి పొదుపు. పది రోజుల్లో వచ్చే తిరస్కరణ రచయితకూ మేలే, ఏడు నెలలు తిప్పి చెప్పేదానికంటే. కాకపోతే ఉత్తరం పనికొచ్చేలా ఉండాలి. ‘మా పరిధిలోకి రాదు’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ‘విజయవాడలో మూడు బస్టాపుల దగ్గర 120 మందిని అడిగిన సర్వే ఇది. వారిని ఎలా ఎంపిక చేశారో పేపర్లో లేదు. మూడు స్టాపుల ఫలితాన్ని నగరం మొత్తానికి వర్తింపజేశారు. ఎంపిక విధానం చేర్చి, నిర్ధారణను ఆ మూడు చోట్లకే పరిమితం చేస్తే రవాణా జర్నల్‌కి బాగా సరిపోతుంది’ అని రాయడానికి పదిహేను నిమిషాలు చాలు. ఆ రచయిత మళ్లీ ఇంకో మంచి పేపర్ పంపిస్తారు.

లాగిన్ మారిన వారం

సిస్టమ్‌లో ఎడిటర్ పేరు మార్చడం ఐదు నిమిషాల పనిలా కనిపిస్తుంది, కొంపలంటుకునేది ఇక్కడే. ఆటోమేటిక్ ఉత్తరాల టెంప్లేట్లు ముప్పై, నలభై ఉంటాయి. సంతకం కొన్నింటిలో ఖాళీగా ఉండి సిస్టమే నింపుతుంది, కొన్నింటిలో పాత ఎడిటర్ పేరు చేత్తో టైపు చేసి ఉంటుంది. ఆరు నెలలకొకసారి మాత్రమే వెళ్లే ‘గడువు దాటిన సవరణ’ ఉత్తరం పాత సంతకంతో వెళితే జవాబు పాతవారి సొంత ఇన్‌బాక్స్‌కి పోతుంది, రచయిత ఎదురుచూస్తూ ఉంటారు. కాబట్టి ప్రతి టెంప్లేట్‌నీ ఒక డమ్మీ పేపర్ మీద నడిపించి, ఏ చిరునామా నుంచి వెళుతోంది, జవాబు ఎక్కడికి వస్తోంది అని రెండూ చూడాలి.

రెండోది స్వప్రయోజనం. కొత్త ఎడిటర్ నిన్నటిదాకా ఆ జర్నల్ రచయితే. తన సొంత పేపరో, తన దగ్గర పీహెచ్‌డీ చేసినవారి పేపరో వరుసలో ఉండే అవకాశం ఎక్కువ. లాగిన్ హక్కులు పూర్తిగా ఇచ్చిన క్షణం నుంచి తన పేపర్ రివ్యూయర్లు ఎవరో తెరమీద కనిపిస్తారు. హక్కులు ఇవ్వక ముందే ఆ పేపర్లకు అడ్డుగోడ పెట్టించి, ఒక అసోసియేట్ ఎడిటర్‌కి పూర్తిగా అప్పగించాలి. తాను రివ్యూయర్‌గా ఉన్న పేపర్ల సంగతి చాలామందికి గుర్తుకే రాదు. పోయిన నెల తాను ‘తిరస్కరించండి’ అని రాసిన పేపర్ మీద ఈ నెల తానే నిర్ణయం చెప్పడం అదే వ్యక్తి ఫిర్యాదీ, న్యాయమూర్తి రెండూ అయినట్టు.

ఎల్లల దగ్గర జరిగే పొరపాట్లు

నగర పరిశోధన జర్నల్‌కి మిగతా జర్నళ్లకు లేని తిప్పలొకటి ఉంది. కొలవాల్సిన వస్తువే సరిహద్దులు మార్చుకుంటూ పోతుంది. హైదరాబాద్ చూడండి. 2001 జనగణనలో హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ జనాభా సుమారు 36 లక్షలు. 2011లో గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ జనాభా 67 లక్షల పైన. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ‘పదేళ్లలో 85 శాతం వృద్ధి’ అని రాసే పేపర్లు వస్తూనే ఉంటాయి. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు, 8 గ్రామపంచాయతీలు కలిసి గ్రేటర్ ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 170 చదరపు కిలోమీటర్ల నుంచి 600 దాటింది. కూకట్‌పల్లి, ఎల్బీనగర్ జనం ఎక్కడి నుంచో వలస రాలేదు, గీత వాళ్లను దాటి అవతలికి జరిగింది. అవే రెండు జనగణనల్లో మొత్తం నగర సముదాయం అంకెలు తీసుకుంటే 57 లక్షల నుంచి 77 లక్షలకి, అంటే 35 శాతం. అందులోనూ సరిహద్దు తేడా కొంత ఉంది గానీ, 85కీ 35కీ మధ్య ఉన్నది గీత గీసిన జనాభా. ఈ పొరపాటు హైదరాబాద్ తెలియని ఇద్దరు రివ్యూయర్ల కళ్లు కప్పి వెళ్లిపోగలదు. అందుకే మొదటి పరిశీలనలోనే ఒక ప్రశ్న తప్పనిసరి చేయాలి: పోల్చిన రెండు సంవత్సరాల్లో సరిహద్దు ఒక్కటేనా, కాకపోతే ఎలా సర్దారు?

జిల్లాల సమాచారంతో వచ్చే పేపర్లకూ ఇదే పరీక్ష పెట్టాలి. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబర్‌లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. ‘కృష్ణా జిల్లా 2010-2024’ అని గ్రాఫ్ గీస్తే మధ్యలో జిల్లానే మారిపోయింది.

‘పట్టణం’ అన్న మాటా అంత తేలికైంది కాదు. 2011లో దేశంలో 7,935 పట్టణాలు లెక్కకొచ్చాయి. వాటిలో చట్టప్రకారం పురపాలన ఉన్నవి 4,041 మాత్రమే. మిగతా 3,894 జనగణన పట్టణాలు: కనీసం ఐదు వేల జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, మగ ప్రధాన పనివారిలో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉంటే ఆ పేరొస్తుంది. 2001లో ఇవి 1,362. వీటిని నడిపేవి పంచాయతీలే. వీటి మీద ‘పురపాలక సేవల వైఫల్యం’ అని పేపర్ రాస్తే, లేని మున్సిపాలిటీని తిట్టినట్టవుతుంది.

ఇక కొలతలు. తెలుగు నేల మీద ఇళ్ల స్థలం ధర గజాల్లో చెబుతారు. చదరపు గజం 0.836 చదరపు మీటరు. ‘గజం యాభై వేలు’ అన్నది కాపీ ఎడిటింగ్‌లో ‘చదరపు మీటరుకి యాభై వేలు’గా మారితే అసలు ధర అందులోనే ఆరో వంతు తగ్గిపోతుంది. గుంట 121 గజాలు, సెంటు 48.4 గజాలు. అంకణం మరీ చిక్కు, ఊరు మారితే కొలత మారుతుంది. మూల కొలతను అలాగే ఉంచి, పక్కన మీటర్లలో ఇవ్వమనడమే మంచి పద్ధతి.

మాటలకూ కొలతల్లాంటి గతే పడుతుంది. హైదరాబాద్‌లో ‘బస్తీ’ అంటే నివాసం, ఇరుగుపొరుగు. అన్ని బస్తీలూ మురికివాడలు కావు. ప్రభుత్వం నోటిఫై చేసిన మురికివాడ అన్నది చట్టపరమైన హోదా, దాంతో కొన్ని హక్కులూ వస్తాయి. ఇంగ్లిష్ సాఫీగా ఉండాలని బస్తీ అన్న చోటల్లా కాపీ ఎడిటర్ ‘స్లమ్’ అని దిద్దితే, పేపర్లో లెక్కే మారిపోతుంది. అలాగే అడ్డా కూలీలు రోజూ పొద్దున నిలబడే ‘అడ్డా’ని బస్టాండ్‌గా మార్చేసే దిద్దుబాట్లు. ఇలాంటి ముప్పై, నలభై మాటలకు జర్నల్ సొంత పట్టిక ఒకటి ఉంటే రచయితతో వాదన తగ్గుతుంది.

పటాల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. పట్టాల్లేని ఇళ్లు, ఫుట్‌పాత్ వ్యాపారుల స్థానాలు అక్షాంశ రేఖాంశాలతో అనుబంధంలో పెట్టే పేపర్లు వస్తున్నాయి. దశాంశ బిందువు తర్వాత నాలుగు అంకెలుంటే దాదాపు పదకొండు మీటర్ల దూరంలోపు చోటు తెలిసిపోతుంది, అంటే ఫలానా బండి అని చెప్పేయవచ్చు. రెండంకెలైతే కిలోమీటరు పైచిలుకు. పరిశోధన కోసం నమ్మి చెప్పిన సమాచారం తొలగింపు నోటీసుకు దారి చూపకూడదంటే, అచ్చుకి ముందు ఆ అంకెలు కుదించాలి.

పేరు దొంగలు, ప్రత్యేక సంచికలు

ప్రత్యేక సంచికలంటే కొత్త ఎడిటర్లకు మోజు. చేతికి శ్రమ తక్కువ, పేపర్లు ఎక్కువ. ప్రచురణ సంస్థ వైలీ 2021లో కొన్న హిందావీ జర్నళ్లలో అతిథి ఎడిటర్ల సంచికల గుండా నకిలీ పేపర్లు గుంపులుగా చొరబడ్డాయి. 2023 ఒక్క ఏడాదిలోనే ఎనిమిది వేలకు పైగా పేపర్లు ఉపసంహరించుకోవాల్సి వచ్చింది. ఆఖరికి ఆ బ్రాండ్ పేరే తీసేశారు. అతిథి ఎడిటర్ ఎవరైనా, ఆఖరి అంగీకారం మీట జర్నల్ ఎడిటర్ చేతిలోనే ఉండాలి.

మన దేశపు జర్నళ్లకు నకలు వెబ్‌సైట్ల బెడద కూడా ఉంది. అదే పేరు, జర్నల్ గుర్తింపు నంబరైన అదే ఐఎస్‌ఎస్‌ఎన్ పెట్టుకుని డబ్బులు దండుకునే సైట్లు. ఎడిటర్ మారిన నెలల్లో ఇవి చురుగ్గా ఉంటాయి, ఎందుకంటే అసలు ఎడిటర్ ఎవరో రచయితలకు అప్పటికింకా స్పష్టంగా తెలియదు. ఐఎస్‌ఎస్‌ఎన్ రికార్డు, క్రాస్‌రెఫ్, స్కోపస్ లాంటి పేపర్ల నమోదు వ్యవస్థలు, ప్రచురణకర్త పేజీ అన్నింటిలో పేరూ వెబ్ చిరునామా ఒకే వారంలో మార్చడం దీనికి కాపు. యూజీసీ తాను ఆమోదించిన జర్నళ్ల ‘కేర్’ జాబితాను ఆపేస్తున్నట్టు 2025 ఫిబ్రవరిలో ప్రకటించాక, జర్నల్ మంచిదా కాదా తేల్చే బాధ్యత విద్యాసంస్థల మీద పడింది. కాబట్టి రివ్యూ విధానం, రుసుము, సగటు వ్యవధి సైట్‌లో స్పష్టంగా ఉన్న జర్నల్‌కే ఇప్పుడు రచయితలు తమ సంస్థలో సమాధానం చెప్పుకోగలుగుతారు. కొత్తగా వచ్చే ఎడిటర్లకు ఒక చిన్న ఊరట: 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం, 1867 నాటి చట్టం స్థానంలో వస్తూ, శాస్త్ర, సాంకేతిక, విద్యా జర్నళ్లను ‘పీరియాడికల్’ నిర్వచనం నుంచి తప్పించింది.

రాబోయే రెండు మూడేళ్లలో ఈ కుర్చీలో కూర్చునేవారికి ఒక ఉప్పెన ఎదురుకానుంది. దేశంలో నగరాల మీద వస్తున్న పేపర్లు ఇప్పటికీ 2011 జనగణన మీదే నిలబడి ఉన్నాయి. తదుపరి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. పాలనా సరిహద్దులను 2025 డిసెంబర్ 31 నాటి స్థితిలో స్తంభింపజేయాలని రాష్ట్రాలకు సూచనలు వెళ్లాయి. అంకెలు వెలువడిన మూడు నెలల్లోనే 2011తో పోల్చే పేపర్లు వరదలా వస్తాయి. పదహారేళ్ల మధ్య కలిసిన పంచాయతీలు, కొత్త మున్సిపాలిటీలు, చీలిన జిల్లాలు, విడిపోయిన రాష్ట్రం అన్నీ వాటిలో ఉంటాయి. 2011 గీతను 2027 గీతతో సరిపోల్చే పట్టిక జతచేయని పేపర్‌ని రివ్యూకి పంపబోమన్న ఒక్క వాక్యం రచయితల సూచనల పేజీలో ఇప్పుడే చేర్చాలి. తర్వాత చేర్చితే, అప్పటికే వరుసలో ఉన్న పేపర్లకు అది వర్తించదు.